క్రియ పలికేదాకా ఆగండి: ఇంటర్వ్యూలోనూ ఇంట్లోనూ అడ్డురాకుండా వినడం

"ఆ రోజు ఆఫీసరు నన్ను పిలిచి, ఆ కాగితం మీద సంతకం పెట్ట..."

సరిగ్గా ఇక్కడ మీరు అందుకుని తర్వాతి ప్రశ్న వేశారనుకోండి. ఆ మనిషి "పెట్టమన్నారు" అనబోయి ఉండవచ్చు. "పెట్టవద్దన్నారు" అనబోయి ఉండవచ్చు. "పెట్టమంటే నేను పెట్టనన్నాను" అని ముగించబోయి ఉండవచ్చు. మూడూ వేరు వేరు వార్తలు. "పెట్ట" వరకూ మాత్రం మూడూ ఒకే వాక్యం. తెలుగులో క్రియ చివర వస్తుంది. అవునా కాదా అన్నది ఆ క్రియకే అంటుకుని ఉంటుంది. ఎవరు చేశారన్నది కూడా చాలాసార్లు దాని చివరి అక్షరంలోనే తేలుతుంది. ముప్పాతిక వాక్యం వినగానే విషయం తెలిసిపోయిందనిపిస్తే, మనకు తెలిసింది మన ఊహ మాత్రమే.

కాబట్టి మొదటి నియమం: క్రియ వినపడేదాకా నోరు తెరవకూడదు. "వెళ్లి", "చూస్తే", "వచ్చాక", "ఉన్నా", "కాబట్టి" లాంటి మాటల దగ్గర గొంతు ఆగితే అది ఊపిరి తీసుకోవడమే, మీ వంతు వచ్చినట్టు కాదు.

క్రియ వచ్చాక కూడా తొందర వద్దు. "నాకేం తెలియదు" అని ఒకరు ఆగారు. వాక్యం పూర్తయినట్టే ఉంది. రెండు క్షణాలు ఆగితే "...అనే చెప్పాను అప్పుడు అందరికీ" అంటారు. ఆ "అనే" మొత్తం మాటను తిరగేసింది. క్రియ విన్నాక మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టమనేది ఇందుకే. మొదట్లో ఆ మూడు అంకెలు మూడు నిమిషాల్లా అనిపిస్తాయి. రికార్డింగు మళ్లీ వినండి, అక్కడ ఖాళీ ఉన్నట్టే తెలియదు.

ఆగడం ఎందుకంత కష్టమో తెలిస్తే సాధన తేలికవుతుంది. 2009లో పది భాషల సంభాషణలను పోల్చి చూసిన పరిశోధనలో, ఒకరు ముగించాక ఇంకొకరు మొదలుపెట్టడానికి పట్టే సమయం సగటున సెకనులో అయిదో వంతు దగ్గర తేలింది. ఒక బొమ్మ చూసి దాని పేరు పలకడానికే మనిషికి సెకనులో సగం పైన పడుతుంది. అంటే ఎదుటివారు మాట్లాడుతుండగానే మన జవాబు లోపల తయారవుతూ ఉంటుంది. ఇది పొగరు కాదు, మాట నడిచే తీరే అంత. కానీ జవాబు అల్లుకుంటున్న బుర్ర పూర్తిగా వినలేదు. దీనికి మందు ఒక కాగితం, ఒక పెన్ను. ప్రశ్న పుట్టగానే ఒక్క మాట రాసుకోండి: "సంతకం", "ఎవరు", "రాత్రి". వాక్యం రాయకూడదు, రాస్తుంటే చెవి మూసుకుపోతుంది. కాగితం మీద పడ్డాక ఆ ప్రశ్న నాలుక మీద నిలవదు.

కుర్చీలో కూర్చునే ముందు

అడ్డురావడానికి సగం కారణం ప్రశ్నల పట్టీయే. అరగంట కార్యక్రమానికి ఇరవై ప్రశ్నలు రాసుకుని వెళ్తే ప్రతి జవాబూ ఆలస్యంగానే కనిపిస్తుంది. ఏడెనిమిది చాలు. అందులో మూడు ఎట్టి పరిస్థితిలోనూ అడగాల్సినవిగా గుర్తు పెట్టుకోండి, మిగతావి పోయినా ఫరవాలేదు. ప్రశ్న పదిహేను సెకన్లు దాటకూడదు. "అప్పుడు మీరు ఎలా తట్టుకున్నారు, ఇంట్లోవాళ్లు ఏమన్నారు, ప్రభుత్వం సాయం చేసిందా?" అని మూడు కలిపి అడిగితే వాళ్లు ఆఖరిదానికే జవాబిస్తారు. మిగతా రెండూ దొరకలేదని మధ్యలో దూరేది మనమే.

అతిథికి ముందే ఒక మాట చెప్పండి: "మీరు మాట్లాడేటప్పుడు నేను తల ఊపుతానండీ, ఊఁ అనను. వినట్లేదనుకోకండి." మన దగ్గర ఇది తప్పనిసరి. కథ చెప్పేవాళ్లకు ఊఁ కొట్టేవాళ్లు ఉండాలి, లేకపోతే చెప్పేవాళ్లు ఆగిపోయి "వింటున్నావా?" అంటారు. ఆ అలవాటు మైకు ముందు చేటు చేస్తుంది. ప్రతి ఊఁ అతిథి మాట మీద పడుతుంది, ఎడిటింగ్‌లో అది తీయాలంటే వాళ్ల అక్షరం కూడా తెగుతుంది.

ఇద్దరికీ వేరు వేరు మైకులు, వేరు వేరు ట్రాకులు పెట్టుకుంటే సరిపోతుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. సరిపోదు. మీ గొంతు వాళ్ల మైకులోకి కూడా కొంత వెళ్తుంది. బల్ల మీద మైకు నోటికి జానెడు దూరంలో ఉంటే, రెండో మైకు దానికి కనీసం మూడు జానల దూరంలో ఉండాలి. రికార్డింగు స్థాయి పెద్ద మాటలకు మీటరు మీద మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టుకోండి, అతిథి హఠాత్తుగా గొంతు పెంచినా శబ్దం పగలదు. ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు ముప్పై సెకన్లు రికార్డు చేయండి, అతుకులు కప్పడానికి పనికొస్తుంది. ఇన్ని చేసినా రెండు గొంతులు ఒకదాని మీద ఒకటి పడిన చోటును బాగుచేసే ఉపాయం లేదు. వినేవాళ్లకు ఇద్దరిలో ఎవరిదీ అందదు.

మౌనం నాలుగు రకాలు

అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెన గురించి ఒక పెద్దాయన చెబుతున్నారనుకోండి. "నీళ్లు... నీళ్లు ఎలా వచ్చాయంటే..." అని ఆగారు. కళ్లు పక్కకి, పైకి పోయాయి. చెయ్యి గాల్లో ఉంది. అడిగేవారికి జాలేసి "గోడలా వచ్చాయి కదండీ?" అన్నారు. ఆయన "ఆఁ, అవునండీ, గోడలాగే" అన్నారు. అంతే, అయిపోయింది. ఇక ఆ రికార్డింగులో ఉన్నది ఆయన చూసిన నీళ్లు కాదు, అడిగినవారు ఎక్కడో చదివిన నీళ్లు. మన పెద్దవాళ్లు మర్యాదకు మన మాటనే ఒప్పుకుంటారు, కాదని దిద్దరు. అయిదు క్షణాలు ఆగి ఉంటే ఆయన చప్పుడు గురించి చెప్పేవారో, వాసన గురించి చెప్పేవారో, చేత్తో చూపించి "ఇంత" అనేవారో. సాయం చేస్తున్నామనుకుంటూ మాట అందించడం అడ్డురావడంలోకెల్లా ప్రమాదకరమైనది. ఎందుకంటే అది అడ్డురావడంలా కనిపించదు.

ఇది వెతుకుతున్న మౌనం. చూపు మీ మీద ఉండదు, చెయ్యి లేచే ఉంటుంది. పేరు గుర్తు రాకపోతే కూడా ఇదే. పేరు తర్వాతైనా అడగవచ్చు, వదిలేయండి.

రెండోది దుఃఖం. గొంతు పూడుకుపోతుంది, తల దించుకుంటారు. అప్పుడు "బాధపడకండి" అన్నది ఓదార్పులా ఉన్నా, వాళ్లకు వినపడేది "ఇక ఆపండి" అనే. కదలకుండా కూర్చోండి. నీళ్ల గ్లాసు ముందే వాళ్ల చేతికి అందేచోట పెట్టి ఉండాలి, అప్పుడు లేచి వెతికితే ఆ క్షణం చెదిరిపోతుంది. మరీ ఎక్కువసేపయితే "కాసేపు ఆపుదామా అండీ?" అని అడగండి. నిర్ణయం వాళ్లది.

మూడోది జంకు. మాట మధ్యలో తెగుతుంది, చూపు కెమెరా మీదికో పక్కనున్న మనిషి మీదికో పోతుంది. ఇక్కడ ఊరికే ఆగితే లాభం లేదు. పక్కవారిని మర్యాదగా బయటికి పంపాలి, లేదా ఆ ప్రశ్నను తర్వాతికి జరపాలి.

నాలుగోది నిజంగా పూర్తయిన మౌనం. వెనక్కి ఆనుకుంటారు, చెయ్యి ఒళ్లో పడుతుంది, మీ వైపు చూస్తారు. "అంతే", "అదండీ సంగతి" అంటారు. ఇప్పుడు మీ వంతు. ఒక్క "ఇంకేముంది" దగ్గర జాగ్రత్త. ముగింపులా వినపడుతుంది గానీ, చాలాసార్లు అసలు కష్టం దాని తర్వాతే మొదలవుతుంది.

మౌనం అయ్యాక కొత్త ప్రశ్నకు దూకనక్కర్లేదు. వాళ్ల చివరి రెండు మాటలే మెల్లగా తిరిగి అనండి: "తలుపు తెరుచుకోలేదు..." వాళ్లు అక్కడి నుంచి అందుకుంటారు. "అంటే?", "ఆ తర్వాత?" అన్నవి కూడా బంగారం లాంటి ప్రశ్నలే. ఆగడం వల్ల జవాబు పెరుగుతుందన్నది బడి గదుల్లో కొలిచి చూసిన విషయం. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో గమనించింది ఇదే: ప్రశ్న వేశాక టీచర్లు సుమారు ఒక సెకను ఆగుతున్నారు. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు.

ఫోనులో, వీడియో కాల్‌లో

లైను మీద గొంతు ఆలస్యంగా వస్తుంది. ఉపగ్రహం లింకయితే మాట సుమారు 36,000 కిలోమీటర్లు పైకెళ్లి దిగాలి, ఒక వైపుకే పావు సెకను పోతుంది. మీకు నిశ్శబ్దం వినపడే సమయానికి అవతలివారు తర్వాతి మాట మొదలుపెట్టేసి ఉంటారు. మీ ప్రశ్న వాళ్లకు వాక్యం మధ్యలో తగులుతుంది, "ఆఁ? ఏమన్నారు?" అని ఆగిపోతారు. ఇద్దరూ ఒకేసారి "మీరు చెప్పండి" అనుకోవడం దాని తర్వాతి అంకం. మూడు బదులు నాలుగైదు లెక్కపెట్టండి. వీడియో ఉంటే తల ఊపండి, గొంతు వాడకండి. వట్టి ఫోనయితే పూర్తి నిశ్శబ్దం పనికిరాదు, లైను తెగిందనుకుంటారు. క్రియ అయ్యాక మాత్రమే చిన్న ఊఁ.

అడ్డుపడి తీరాల్సిన సందర్భాలు

వినడం అంటే ఏది చెప్పినా చెప్పనివ్వడం కాదు. ప్రత్యక్ష ప్రసారంలో లైంగిక దాడికి గురైనవారి పేరు వచ్చేలా ఉంటే వెంటనే ఆపాలి. బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరుతో పాటు చిరునామా, బడి, కుటుంబం, ఇరుగుపొరుగు వివరాలను కూడా మీడియాలో చెప్పకూడదంటుంది. ఇక్కడ క్రియ కోసం ఎదురుచూడకండి. "అండీ, ఒక్క క్షణం. ఆ పాప వివరాలు మనం చెప్పకూడదు. మీరు పోలీసు స్టేషనుకు వెళ్లిన దగ్గర నుంచి చెప్పండి." చూడండి, ఈ మాటల్లో మూడు పనులున్నాయి: ఆపడం, కారణం, మళ్లీ ఎక్కడ అందుకోవాలో చూపడం. మూడోది మరిచిపోతే అతిథి అలిగినట్టు మౌనమైపోతారు.

ఆధారం లేకుండా ఒకరి మీద నేరం మోపినప్పుడూ ఇదే పద్ధతి. సమయం అయిపోతున్నప్పుడు అడ్డుపడే అవసరమే రానివ్వకూడదు. "మనకు రెండు నిమిషాలుందండీ" అని ప్రశ్నలోనే చెప్పేయండి, చాలామంది తమంతట తామే ముగిస్తారు.

జవాబు దాటవేసే నాయకుడితో సంగతి వేరు. తప్పించుకుంటున్నారని తెలియగానే మీద పడితే, ఆయనకు కావలసింది దొరుకుతుంది: "నన్ను మాట్లాడనివ్వడం లేదు" అనే సాకు. ఒక విడత పూర్తిగా చెప్పనివ్వండి. తర్వాత అదే ప్రశ్న అవే మాటల్లో, అదే స్వరంతో మళ్లీ అడగండి. విశేషణాలు చేర్చవద్దు. మూడోసారి "ఇది మూడోసారి అడుగుతున్నానండీ" అని చెప్పి అడగండి. దాటవేసిన సంగతి చూసేవాళ్లకు దానంతట అదే తెలుస్తుంది. ఎంతకీ ఆపనివారిని ఆపాలంటే ఊపిరి పీల్చే చోటు పట్టుకోండి. ముందు పేరు, "గారూ", అరచెయ్యి కొద్దిగా పైకి, గొంతు వాళ్లకంటే తక్కువ స్థాయిలో. గొంతు పెంచితే వాళ్లూ పెంచుతారు.

నలుగురైదుగురి చర్చలో ఈ ఓర్పు ఒక్కటే చాలదు. ఒక్కొక్కరికి తొంభై సెకన్లని మొదటే ప్రకటించాలి, మైకు తగ్గించే అధికారం కంట్రోల్ రూముకు ఇవ్వాలి, ఇచ్చిన మాట అందరికీ ఒకేలా అమలు చేయాలి.

ఇంట్లో

ఇంట్లో మనం అడ్డొచ్చేది ఎక్కువగా పరిష్కారంతో. "అమ్మా, ఇవాళ ఆఫీసులో..." అని కూతురు మొదలుపెట్టగానే "నువ్వు ముందే చెప్పాల్సింది" అంటాం. వైద్యుల గదుల్లో ఇది లెక్క కట్టారు. 1984 నాటి అమెరికా అధ్యయనంలో రోగి మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అందుకున్నారు. 1999లో చూస్తే 23 సెకన్లు. ఆ రెండో అధ్యయనంలోనే తేలిన ఇంకో సంగతి గుర్తుంచుకోదగ్గది: పూర్తిగా చెప్పనిచ్చిన రోగులు అదనంగా తీసుకున్నది సగటున ఆరు సెకన్లే. టైము లేదన్న సాకు ఇక్కడ నిలవదు.

ఇంట్లో వాడాల్సిన మాట ఒక్కటే: "ఇంకా?" వాళ్లు "అంతే" అనేదాకా అడగండి. నాన్నగారు చెప్పిన కథే మళ్లీ చెబుతుంటే "ఇది చెప్పారు కదా" అనకుండా, పోయినసారి లేని వివరం ఏదైనా వస్తుందేమో వినండి. తరచుగా వస్తుంది.

సాధన

మీ రికార్డింగు ఏదైనా పది నిమిషాలు తీసుకుని చేత్తో అక్షరం అక్షరం రాయండి. మీ గొంతు వాళ్ల గొంతు మీద పడిన ప్రతి చోటా ఒక గీత గీయండి. గీత పక్కన కారణం రాయండి: మాట అందించానా, తొందరపడ్డానా, ఒప్పుకోలు తెలిపానా, నాకు తెలిసింది చూపించుకున్నానా. ఒక్కొక్కరికి ఒక్క జబ్బు ఎక్కువ ఉంటుంది. తర్వాతి ఇంటర్వ్యూలో దాన్నొక్కదాన్నే చూసుకోండి, నాలుగూ ఒకేసారి మానాలనుకుంటే అతిథిని వదిలేసి మిమ్మల్ని మీరే వింటూ కూర్చుంటారు.

చివర్లో "నేను అడగనిది ఏమైనా ఉందా అండీ?" అని అడిగి, పది లెక్కపెట్టేదాకా రికార్డర్ మీద చెయ్యి వేయకండి. కాలర్ మైకు తీస్తుండగా "నిజానికి ఆ రోజు..." అంటూ మొదలుపెట్టేవారు చాలామంది ఉంటారు. అప్పుడు కూడా వాక్యం పూర్తి కానివ్వండి. ఆ తర్వాత "ఇది మైకు ముందు చెబుతారా?" అని అడగండి. వద్దంటే అది మీ దగ్గరే ఉండిపోవాలి.