బరంపురం మైదానం నుంచి బేస్‌బాల్ పిచర్ కావాలంటే

గోపాల్‌పూర్ ఒడ్డున మన తెలుగు మత్స్యకారుల పిల్లలు వల విసిరే తీరునూ, పర్లాకిమిడి దాటాక కొండవార తోటల్లో పిల్లలు గురిచూసి రాయితో కాయ రాల్చే తీరునూ గమనించిన వారెవరికైనా గంజాం, గజపతి జిల్లాల్లో మంచి చేతులకు కొరత లేదని అర్థమవుతుంది. ఆ చేతితో బేస్‌బాల్ పిచర్‌గా, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడిగా, బతుకుతెరువు సంపాదించవచ్చా అని మైదానంలో తల్లిదండ్రులు నన్ను అడుగుతూ ఉంటారు. దారి ఉంది, అయితే అది పొడవైనది. ఆ దారిలో పిల్లవాడి దగ్గర ఉండే పెట్టుబడి ఒక్క మోచేయి, ఒక్క భుజం మాత్రమే కనుక, వాటిని ఎలా పెంచాలో, ఎలా కాపాడాలో తెలిసిన తరువాతే మిగతా విషయాలు ఆలోచించాలి.

పనామా దేశంలో ప్వెర్తో కైమితో అనే చేపల రేవులో పెరిగి, తండ్రి పడవ మీద పనిచేసిన మరియానో రివేరా 1990లో అమెరికా బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ యాంకీస్‌తో ఒప్పందం చేసుకున్నప్పుడు అతనికి దక్కిన మొత్తం మూడు వేల డాలర్లకు మించలేదు. అంతకు కొద్దికాలం ముందు వరకు అతను పిచరే కాదు. అలాంటివాడు 652 సేవ్‌లు, అంటే జట్టు ఆధిక్యాన్ని చివరి వరకు నిలబెట్టిన మ్యాచ్‌లు, తన పేర రాసుకొని 2019లో ఓటు వేసిన ప్రతి ఒక్కరి ఆమోదంతో బేస్‌బాల్ మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. గోపాల్‌పూర్ పిల్లలకు నేను మొదట చెప్పేది ఈ కథే.

క్రికెట్ ఆడిన పిల్లవాడు ముందుగా మరచిపోవలసినవి రెండు ఉన్నాయి. బేస్‌బాల్‌లో పరుగెత్తుకుంటూ వచ్చి బంతి వేయడం ఉండదు. 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు ఉన్న రబ్బరు పలకకు ఒక పాదం ఆనించి, నిలబడిన చోటి నుంచే వేయాలి. చేయి నిటారుగా ఉండాలన్న నియమం కూడా లేదు, మోచేయి వంచి విసరడమే పద్ధతి. పలక నుంచి బ్యాటర్ పక్కన నేల మీద ఉండే హోమ్ ప్లేట్ వరకు 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు, ఈ దూరం 1893 నుంచి మారలేదు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బంతి కంటే కొంచెం తేలిక. చాలా పాఠశాలల్లో సాఫ్ట్‌బాల్ బంతినే బేస్‌బాల్ అనుకొని ఇస్తారు కాని అది బాగా పెద్దది, దానితో చేసిన సాధన వేళ్ల పట్టును పాడుచేస్తుంది.

సాధన స్థలం కోసం డబ్బు పోయనవసరం లేదు. పుట్టమన్ను తడిపి, దిమ్మెసతో గట్టిగా కొట్టి, 10 అంగుళాల ఎత్తు దిబ్బ కట్టండి. పలక ముందు ఆరు అంగుళాలు చదునుగా వదిలి, అక్కడి నుంచి అడుగుకు ఒక అంగుళం చొప్పున వాలు రావాలి. పలకకు బదులు అదే కొలతలో చెక్క పాతితే సరిపోతుంది. ఎదురుగా గోడ మీద 17 అంగుళాల వెడల్పుతో, పిల్లవాడి మోకాలి నుంచి రొమ్ము వరకు సుద్దతో ఒక చట్రం గీయండి. ప్లేట్ వెడల్పు 17 అంగుళాలే కాబట్టి అదే అతని గురి. పన్నెండేళ్ల లోపు పిల్లలను మాత్రం 46 అడుగుల నుంచే వేయించాలి. పెద్దల దూరానికి ఆ చిన్న భుజాలు తాళవు.

వేగం చేతిలో పుట్టదు, కాళ్లలో పుడుతుంది. వెనుక కాలు నేలను తోస్తే, ముందు కాలు అడుగు వేసి గట్టిగా నిలబడితే, నడుము తిరిగి, ఆ తరువాత భుజం, చివరికి చేయి కదలాలి. వల విసిరే పెద్దవారిని పక్క నుంచి చూడమని నేను పిల్లలకు చెబుతాను. వారి నడుము తిరిగిన తరువాతే చేతులు తెరుచుకుంటాయి. వేగం కొలిచే యంత్రం లేకపోయినా, సెకనుకు 240 చిత్రాలు తీసే ఫోన్ ఉంటే చాలు. బంతి చేతిని వదిలే చోటు ముందడుగు కారణంగా గోడకు సుమారు 16.8 మీటర్ల దూరంలో ఉంటుంది కనుక, అక్కడికి చేరేలోపు 120 చిత్రాలు లెక్కకు వస్తే అర సెకను పట్టినట్టు, సగటున గంటకు 120 కిలోమీటర్ల వేగం ఉన్నట్టు. అమెరికాలో అత్యున్నత వృత్తి పోటీ అయిన మేజర్ లీగ్‌లో పిచర్ల ఫాస్ట్‌బాల్ (వేగవంతమైన బంతి) సగటు గంటకు 150 కిలోమీటర్ల పైమాటే.

పట్టుల విషయంలో తొందర వద్దు. చూపుడు వేలు, నడిమి వేలు బంతి కుట్టు మీద అడ్డంగా, బొటనవేలు కింద ఉండేలా పట్టుకునే ఫోర్-సీమ్ ఫాస్ట్‌బాల్ మొదటిది. అదే చేతి వేగంతో, బంతిని అరచేతి లోపలికి జరిపి పట్టుకొని, గంటకు 13 నుంచి 16 కిలోమీటర్లు నెమ్మదిగా వేసే చేంజప్ రెండోది. వంపు తిరిగే కర్వ్, స్లైడర్ బంతులు ఆ రెండూ చట్రంలో స్థిరంగా పడ్డ తరువాతే. జేమీ మోయర్ అనే ఎడమచేతి పిచర్ తక్కువ వేగంతో, గురితో, బ్యాటర్ అంచనాను తప్పించడంతో 2012లో 49 ఏళ్ల వయసులో కూడా మ్యాచ్ గెలిచాడు.

ఇక చేతిని కాపాడుకోవడం. కొన్నేళ్ల క్రితం ఒక పాఠశాలల పోటీలో పద్నాలుగేళ్ల అబ్బాయి చేత వరుసగా రెండు రోజులు లెక్క చూడకుండా నేనే బంతులు వేయించాను. మూడో రోజు పొద్దున నూతి దగ్గర తువ్వాలు పిండలేకపోయాడని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. ఆ రోజు నుంచి నా జేబులో లెక్కల పుస్తకం లేకుండా మైదానంలో అడుగు పెట్టలేదు. అమెరికాలో మేజర్ లీగ్, యూఎస్‌ఏ బేస్‌బాల్ సంస్థలు కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనల ప్రకారం 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు రోజుకు 95 బంతులకు మించి, 17, 18 ఏళ్ల వారు 105కు మించి వేయకూడదు. పద్నాలుగేళ్ల పిల్లవాడు 66 లేదా అంతకంటే ఎక్కువ వేసిన రోజు తరువాత నాలుగు రోజులు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. 20 లోపు వేస్తేనే మరునాడు మళ్లీ వేయవచ్చు. పిచర్‌గా దిగినవాణ్ణి అదే రోజు క్యాచర్‌గా (ప్లేట్ వెనుక కూర్చొని బంతి పట్టేవాడిగా) కూర్చోబెట్టకూడదు. ఏడాదికి కనీసం నాలుగు నెలలు, అందులో రెండు మూడు నెలలు వరుసగా, భుజం పైనుంచి విసిరే పనులన్నీ మానాలి. క్రికెట్ బౌలింగ్, జావెలిన్ కూడా ఆ లెక్కలోవే. మన వైపు జూన్ నడుమ నుంచి వానలు పడతాయి కనుక ఆ నెలలను పరుగుకూ, కాళ్ల బలానికీ, పాత సైకిల్ ట్యూబు లాగుతూ చేసే భుజం వ్యాయామాలకూ కేటాయించడం తేలిక.

ఈ లెక్కల వెనుక ఉన్నది మోచేయి లోపలివైపు ఉండే ఒక చిన్న స్నాయువు. అది తెగితే 1974కు ముందు పిచర్ జీవితం ముగిసినట్టే. ఆ ఏడాది డాక్టర్ ఫ్రాంక్ జోబ్ లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ పిచర్ టామీ జాన్‌కు శరీరంలో మరోచోటి టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) తీసి అమర్చారు. అతను 1976లో తిరిగి వచ్చి 1989 వరకు ఆడాడు. ఆ శస్త్రచికిత్స ఇప్పటికీ అతని పేరుతోనే నడుస్తోంది, కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. నొప్పి మోచేయి లోపలివైపు వస్తే తైలం రాసి మళ్లీ దింపకండి, ఎముకల డాక్టరుకు చూపించండి.

వృత్తి మెట్లు ఇలా ఉంటాయి. భారతీయ బాలుడు 16 ఏళ్లు నిండాక అంతర్జాతీయ ఆటగాడిగా మేజర్ లీగ్ జట్టుతో ఒప్పందం చేసుకోవచ్చు. సంతకాల కాలం ఏటా జనవరి 15న మొదలవుతుంది. ఆ తరువాత శిక్షణ కేంద్రాల లీగ్, సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ దాటితే మేజర్ లీగ్. 2023 ఒప్పందం ప్రకారం అడుగు మెట్టు మీద ఏడాదికి కనీస జీతం 19,800 డాలర్లు, ట్రిపుల్-ఏలో 35,800. మేజర్ లీగ్‌లో 2026 కనీసం 7,80,000 డాలర్లు. ఈ అంతరం చూసి ఆశపడే ముందు రింకు సింగ్, దినేశ్ పటేల్‌ల సంగతి తెలుసుకోవాలి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈ ఇద్దరు జావెలిన్ క్రీడాకారులు 2008లో భారత్‌లో పిచర్లను వెతకడానికి జరిపిన మిలియన్ డాలర్ ఆర్మ్ పోటీ నుంచి వెలుగులోకి వచ్చి, అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకొని, 2009లో అక్కడి లీగ్‌లో ఆడారు. పటేల్‌ను జట్టు 2010లో వదిలేసింది, సింగ్‌ను గాయాలు వెనక్కి లాగాయి. ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్ చేరలేదు. అయినా వారు వేసిన దారి నిజమైనదే, జావెలిన్ పిల్లలు దానిని చిన్నచూపు చూడకూడదు. చదువు మాత్రం ఆపవద్దు.

మన కుటుంబాలకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి ఒడియా బడి రిజిస్టర్లలో అది చివరికి పోతుంది, ఆధార్‌లో ఒక్క అక్షరంగా మిగులుతుంది. విదేశీ జట్లు వయసునూ గుర్తింపునూ గట్టిగా పరిశీలిస్తాయి కాబట్టి జనన ధ్రువపత్రం, బడి సర్టిఫికెట్, ఆధార్, పాస్‌పోర్టు నాలుగింటిలో పేరూ పుట్టిన తేదీ ఒకేలా ఉండేట్టు పదమూడేళ్లకే సరిచేయించండి. ముందుగా డబ్బు అడిగే మధ్యవర్తికి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఒప్పందం ఏ భాషలో ఉన్నా, చదివి వివరించగల న్యాయవాది లేకుండా సంతకం చేయకండి.

శిక్షకులకు పంపే వీడియో ఒకటి క్యాచర్ వెనుక నుంచి, మరొకటి పక్క నుంచి తీయాలి. ఎత్తు, బరువు, పుట్టిన తేదీ, ఏ చేతివాటమో మొదట్లోనే చెప్పించి, వరుసగా ఇరవై బంతులు కత్తిరింపు లేకుండా, చట్రం తప్పినవాటితో సహా చూపించండి.