ఎగువ గేజ్ చూసి మన దగ్గర నీటిమట్టం అంచనా వేయడం ఎలా?

వరద వస్తోందనగానే ఫోన్లలో ఒక లెక్క తిరగడం మొదలవుతుంది: "పైన నాలుగు అడుగులు పెరిగిందట, రాత్రికి మన దగ్గరా నాలుగు అడుగులు పెరుగుతుంది." దయచేసి ఈ లెక్క మానేయండి. ఎగువన నది ఇరుకు కొండల మధ్య పారుతుంటే, అక్కడి నాలుగు అడుగులు వెడల్పాటి పాయలో అడుగున్నర కూడా కాకపోవచ్చు. మన దగ్గరే నది ఇరుకైతే ఆరు అడుగులూ కావచ్చు.

కావాల్సినవి తక్కువే. ఎగువన ఒక గేజ్ (నీటిమట్టం చూపే గుర్తుల పలక), మన దగ్గర ఒక గేజ్, రెండింటి పాత వరదల రీడింగులు, గ్రాఫ్ పేపరు, పెన్సిలు. పెన్సిలే వాడాలి, ఎందుకంటే గీత చాలాసార్లు మారుతుంది.

ముందు రెండు గేజ్‌ల కొలతలు ఏ సున్నా నుంచి మొదలవుతున్నాయో చూసుకోండి. కేంద్ర జల సంఘం మట్టాన్ని సముద్రమట్టం నుంచి మీటర్లలో ఇస్తుంది. భద్రాచలంలో జనం మాట్లాడుకునేది స్థానిక గేజ్ అడుగుల్లో: 43 దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ రెండు రకాల అంకెలను ఒకే పట్టికలో కలిపేశారంటే ఆ పట్టిక ఇక ఎందుకూ పనికిరాదు. వరద రోజుల్లో రీడింగు గంటకోసారి, సరిగ్గా గంట కొట్టినప్పుడే తీయాలి. నీళ్లలోకి దిగి చూడొద్దు, ఒడ్డు నుంచి కనబడకపోతే ఆ గంట ఖాళీగా వదిలేయండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఎగువన కనబడిన వరద మన దగ్గరికి ఎన్ని గంటల్లో వస్తుంది? అందరూ బోల్తా పడేది ఇక్కడే.

కొందరు నీటి వేగం కొలిచి, దూరాన్ని దాంతో భాగిస్తారు. అది పొరపాటు. నీళ్లు కదిలే వేగం వేరు, వరద అల కదిలే వేగం వేరు. వెడల్పాటి పాయలో అల నీటి సగటు వేగానికి సుమారు 1.67 రెట్లు వేగంగా వస్తుంది. అంటే పైన వదిలిన చెక్కముక్క మన దగ్గరికి చేరేలోపే మట్టం పెరిగిపోయి ఉంటుంది. వరద ఆలస్యంగా వస్తుందని చెప్పే అంచనా, అసలు అంచనా లేకపోవడం కంటే ప్రమాదం, ఇంకా టైముందని జనం ఇళ్లలోనే ఉండిపోతారు.

కాబట్టి పాత వరదల్లో ఎగువ గరిష్ఠ మట్టం ఎప్పుడు నమోదైంది, మన దగ్గర ఎప్పుడు నమోదైంది, మధ్య ఎన్ని గంటలు అనేదే చూడండి. ఒకే శిఖరం, అంటే గరిష్ఠ మట్టం, స్పష్టంగా ఉన్న వరదలే తీసుకోండి. రెండు మూడు పోట్లు కలిసిపోయిన వరదలో ఏ శిఖరం దేనిదో ఎవరూ చెప్పలేరు.

ఈ గంటలు కూడా స్థిరంగా ఉండవు. నది గట్ల మధ్యే ఉన్నంతసేపు మట్టం పెరిగేకొద్దీ అల త్వరగా వస్తుంది. గట్లు దాటి పొలాల్లోకి, లంకల్లోకి పరుచుకున్నాక నెమ్మదిస్తుంది, శిఖరమూ కుంగుతుంది. అందుకే సగటు తీసి ఒకే అంకె పట్టుకు కూర్చోకండి. తక్కువ, మధ్య, గట్టు దాటిన మట్టాలకు విడివిడిగా గంటలు రాసుకోండి.

మధ్యలో కలిసే ఉపనదిని మర్చిపోతే ఈ శ్రమంతా వృథా. దాని గేజ్ కూడా పట్టికలో ఉండాలి. దిగువన కలిసే నదినీ చూడాలి. శబరి గోదావరిలో కలిసే కూనవరం దగ్గర గోదావరి పోటు మీద ఉంటే శబరి ఎగదన్నుతుంది. అప్పుడు శబరి ఎగువన వాన లేకపోయినా మట్టం పెరుగుతుంది, ఎగువ గేజ్ ఒక్కటే చూస్తూ కూర్చున్నవాడికి కారణం అంతుపట్టదు.

మిగతాది సులువు. గ్రాఫ్‌లో అడ్డంగా ఎగువ మట్టం, నిలువుగా మీరు రాసుకున్న గంటలు గడిచాక మన మట్టం పెట్టి చుక్కలు పెట్టండి. అల బయల్దేరినప్పుడు మన దగ్గర మట్టం ఎంతుందో దాన్నిబట్టి రెండు మూడు గీతలు గీయండి, నిండుగా ఉన్న నదికీ ఖాళీగా ఉన్న నదికీ ఒకే గీత సరిపోదు. గీత చేత్తోనే గీయాలి. ఎక్సెల్ ఒక పిచ్చి చుక్క కోసం గీత మొత్తాన్ని వంచేస్తుంది.

వాన అంచనాలతో మట్టం చెప్పే యాప్‌లుండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. వాన ఎక్కడ, ఎంత పడుతుందన్నది ఊహ. ఎగువ గేజ్ దాటిన నీళ్లు ఊహ కాదు, దారిలో ఉన్నాయి. పెద్ద నదికి నా ఓటు దీనికే. గంటలో పొంగే చిన్న వాగుకు మాత్రం ఇది పనికిరాదు. ఎగువన డ్యామ్ గేట్లు ఎత్తినా పాత గీత పక్కన పెట్టి, వదిలిన క్యూసెక్కులు చూడాలి.

అంచనా చెప్పేటప్పుడు "రాత్రి 8కి 46 నుంచి 47 అడుగులు" అని చెప్పండి, 46.35 అని కాదు. కిందటి అంచనా అరడుగు తక్కువైతే కొత్తదానికి అరడుగు కలపండి. రికార్డు దాటే వరదలో గీతను ఊహించి పొడిగించొద్దు. భద్రాచలంలో 1986లో 75.6 అడుగులు వచ్చింది, అంతెత్తున గ్రాఫ్‌లో చుక్కలు ఒకటో రెండో ఉంటాయి. ఖాళీ చేయమని అధికారులు చెబితే మీ గ్రాఫ్ ఏం చెప్పినా కదలాల్సిందే.

శిఖరం దాటగానే రీడింగులు ఆపేస్తారు చాలామంది. ఆపకండి. తీసే వరదకు వేరే గీత కావాలి, పైగా ఇసుక మేటలు వేసి నది అడుగు మారి ఉంటుంది. నీళ్లు పూర్తిగా తగ్గాక గేజ్ పలక కదిలిందేమో చూసి, కదిలితే మళ్లీ లెవెల్ చేయించండి.