నూనె డబ్బా కన్నా ముందు అరికాలు చూసుకోండి

మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌కూ కొవ్వుకూ సంబంధం ఉందని చదవగానే చాలామంది వంటింట్లోని నూనె డబ్బా వైపు చూస్తారు. ముందు చూసుకోవలసింది అరికాలు అని నా గట్టి నమ్మకం.

మెలనోమా చర్మం పైపొరలోని రంగు కణాల్లో పుడుతుంది. లోతుకు దిగేకొద్దీ అది చర్మం అడుగున ఉండే కొవ్వు కణాలకు చేరువవుతుంది. ఆ కొవ్వు కణాల నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలను క్యాన్సర్ కణాలు ఎఫ్‌ఏటీపీ అనే ప్రోటీన్ల సాయంతో లోపలికి తీసుకుని, పెరగడానికీ చుట్టుపక్కలకు చొరబడడానికీ వాడుకుంటాయని 2018లో వెలువడిన పరిశోధన చూపించింది. శోషరసం, అంటే లింఫ్ అనే ఒంట్లో ప్రవహించే పలుచని ద్రవంలోని ఓలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఆ క్యాన్సర్ కణాలు చనిపోకుండా కాపాడుతుందని 2020లో ఎలుకల మీద తేలింది. మనం వాడే వేరుశనగ నూనెలో ఈ ఆమ్లం బాగానే ఉంటుంది. అయినా ఆ నూనె మానేస్తే మెలనోమా రాదని ఈ పరిశోధనలు చెప్పలేదు, పైగా మన కాలేయం తానే కొవ్వును తయారుచేస్తుంది. మన చేతిలో ఉన్నది, మచ్చ కొవ్వు పొర దాకా దిగకముందే పట్టుకోవడం.

మన దేశంలో మెలనోమా అరుదు. వచ్చినప్పుడు మాత్రం తరచుగా అరికాలిలో, అరచేతిలో, గోటి కింద వస్తుంది కాబట్టి విజయవాడ ఎండకు గొడుగు వేసుకున్నంత మాత్రాన ఈ రకం తప్పిపోదు.

నెలకొకసారి, స్నానం చేశాక, కిటికీ వెలుగులో కూర్చుని చూసుకోండి. పొలంలో, మిర్చి కళ్లంలో తిరిగే పాదాలైతే మడమ పగుళ్లలోని మట్టి పోయేదాకా రుద్ది కడగాలి. పారాణి, గోరింటాకు పెట్టుకునే ఆడవాళ్లు అవి పెట్టుకోకముందే చూసుకోవడం మేలు, ఎందుకంటే గోటికి పట్టిన గోరింటాకు ఎరుపు నెలల తరబడి ఉండి అడుగున ఉన్న చారను కప్పేస్తుంది. అరికాలి కింద అద్దం పెట్టి, వేళ్ల సందులు విడదీసి చూడండి. మచ్చ కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫోనులో ఫోటో తీసి, వచ్చే నెల ఫోటోతో పోల్చండి. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నా, రంగు ఒకేలా లేకపోయినా, 6 మిల్లీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, రక్తం కారుతున్నా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. ముల్లు గుచ్చుకున్న పుండనో, ఆనె అనో అనుకున్నది వారాలు గడిచినా మానకపోతే బ్లేడుతో కోయవద్దు, పసరు పెట్టి కాల్చవద్దు.

గోటి విషయం కొంచెం ఓపికగా చూడాలి. మా నాన్నగారి బొటనవేలి మీద నీళ్ల బిందె పడి గోటి కింద నల్లగా రక్తం గడ్డకట్టింది. గోరు పెరుగుతుంటే ఆ నలుపు కూడా ముందుకు జరిగి, నెలల తర్వాత గోటితో పాటే కత్తిరింపులో పోయింది. అలా జరగకుండా గోటి మొదలు నుంచి చివరిదాకా నిలువు చారగా నిలిచిపోయి, వెడల్పవుతూ, గోటి మొదట్లోని చర్మానికి కూడా నలుపు పాకుతుంటే ఆలస్యం చేయకూడదు. నల్లని చారలన్నీ క్యాన్సర్ కావు. మన రంగు చర్మంలో హాని లేనివే ఎక్కువ. తేల్చవలసింది వైద్యులే.

గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంటుంది. వైద్యులు ముక్క తీసి పరీక్షకు పంపుదామంటే ఒప్పుకోండి. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందనే భయానికి ఆధారం లేదు. మెలనోమా అని తేలితే రిపోర్టులో ‘బ్రెస్లో మందం’ ఎన్ని మిల్లీమీటర్లని రాశారో అడిగి తెలుసుకోండి. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో ప్రతిపాదించిన ఈ కొలత కణితి ఎంత లోతుకు దిగిందో చెబుతుంది. అది 1 మిల్లీమీటరు లోపు ఉంటే చాలామందికి శస్త్రచికిత్సతోనే నయమవుతుంది.