మెదడు కణజాలంతో పని – 3వ పాఠం: స్కాన్‌కు ముందు కడగడం

గత పాఠంలో మెదడు అడుగున ఉండే బేసిలర్ ధమని కింద దారం దూర్చి, అడుగు తగలకుండా మెదడును ఫార్మలిన్ (కణజాలం కుళ్లకుండా గట్టిపరిచే ద్రవం) బకెట్లో వేలాడదీయడం వరకూ వచ్చాం. హైదరాబాద్ బోరు నీళ్లతో బఫర్ (పీహెచ్ మారకుండా ఆపే ఫాస్ఫేట్ ద్రావణం) కలిపినవాళ్లకు అడుగున తెల్లటి మడ్డి కనిపించి ఉంటుంది. లవణం కరగలేదనుకోకండి. నీళ్లలోని కాల్షియం, ఫాస్ఫేటుతో కలిసి పేరుకుంది, బఫర్ బలం ఆ మేరకు తగ్గింది. డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కలపాల్సిందే.

ఫిక్స్ అయిన, అంటే ఫార్మలిన్‌లో గట్టిపడిన ముక్కను అలాగే ఎంఆర్ఐ స్కానర్లో పెడితే టీ2 (సిగ్నల్ తగ్గిపోయే సమయం) బాగా పడిపోయి కనిపిస్తుంది. అందులో చాలా భాగం కణజాలంలో మిగిలిపోయిన ఫార్మలిన్ చేసే పని, కడిగితే చాలావరకు కోలుకుంటుంది. టీ1 (అయస్కాంతీకరణ మళ్లీ కోలుకునే సమయం) అలా కాదు. ప్రోటీన్ల మధ్య పడిన అడ్డుబంధాలు కడిగినంత మాత్రాన ఊడిపోవు. అందుకే బతికున్న మెదడు టీ1తో దీన్ని నేరుగా పోల్చకూడదు.

1 సెం.మీ. మందం ముక్కకు దాని ఘనపరిమాణానికి పది రెట్లు ఫాస్ఫేట్ బఫర్డ్ సెలైన్ (పీహెచ్ 7.4) పోసి, 4 డిగ్రీల దగ్గర వారం ఉంచండి, రోజూ మార్చండి. బూజు పట్టకుండా 0.05 శాతం సోడియం అజైడ్ కలపండి. ఇది విషం. సింకులో పారబోయకూడదు, రాగి, సీసం పైపుల్లో పేలే లవణాలు తయారవుతాయి. మందం రెట్టింపైతే సమయం నాలుగు రెట్లు: 2 సెం.మీ. ముక్కకు నాలుగు వారాలు.

తొందరపడితే ఏమవుతుందో టీ2 మ్యాప్‌లోనే (ప్రతి చోటా టీ2 విలువ చూపే చిత్రం) తెలిసిపోతుంది. అంచు పొడవునా ఒక పట్టీ, లోపల వేరే విలువ. దీన్ని రోగలక్షణమని రాసేసుకునే ప్రమాదం ఉంది. గుర్తు పట్టడం కష్టం కాదు: జబ్బైతే బూడిద, తెల్ల పదార్థాల హద్దును ఎంతోకొంత గౌరవిస్తుంది. ఈ పట్టీ ఆ హద్దును పట్టించుకోకుండా, కోసిన అంచుకు సమాంతరంగా సాగుతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కను రాత్రంతా స్కానర్ గదిలోనే ఉంచండి. స్కాన్‌లో కొలిచే నీటి విసరణ (నీటి అణువుల కదలిక) డిగ్రీకి 2 శాతానికి పైగా మారుతుంది. మే నెల ఎండలో కారులో తెచ్చిన ముక్కకైతే ఈ జాగ్రత్త తప్పనిసరి. మడతల్లోని గాలి బుడగలను వాక్యూమ్‌తో లాగేయండి, లేకపోతే వాటి చుట్టూ సిగ్నల్ మాయమవుతుంది.

స్కాన్ అయ్యాకే హిస్టాలజీ (పలచగా కోసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూడటం). పారాఫిన్ దారిలో, అంటే ముక్కను మైనంలో పొదిగే పద్ధతిలో, ఆల్కహాల్, జైలీన్ కొవ్వులను కరిగించేస్తాయి. లక్సాల్ ఫాస్ట్ బ్లూ రంగు అయినా మైలిన్‌ను (నరాల తంతువుల చుట్టూ ఉండే పొరను) పట్టుకుంటుంది, కొవ్వుకు అంటే ఆయిల్ రెడ్ ఓ రంగుకు మాత్రం ఏమీ మిగలదు. దానికోసం పక్క ముక్కను 30 శాతం సుక్రోజ్‌లో వేసి, అడుగుకు మునిగేదాకా ఆగండి. తేలుతుండగానే గడ్డకట్టిస్తే మంచు పలుకులు కణజాలాన్ని జల్లెడ చేస్తాయి.