మహారాష్ట్రలోని సిరోంచ వైపు పల్లెలో కొత్తగా కాపురం పెడుతున్నారా?

సామాన్లు తర్వాత సర్దుకోవచ్చు, ముందు నీళ్ల సంగతి చూడండి. బావి చాన్నాళ్లుగా వాడకపోతే పాత నీళ్లు తోడించి, వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడర్ కలిపి, గంట ఆగాకే వాడండి.

కొత్తగా కొన్న పశువులను రెండు మూడు వారాలు విడిగా కట్టేయండి, గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి తప్పనిసరి. గడ్డివాము ఇంటికి ఆనించి వేయొద్దు. ఎలుకలొస్తాయి, వాటి వెనకే పాములు. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లనే కాటేస్తుంది, అందుకే మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోండి. కాటేస్తే మంత్రాలంటూ ఆగొద్దు, వెంటనే 108.

ఇంట్లో తెలుగే మాట్లాడినా ఆఫీసు కాగితాలు మరాఠీలో ఉంటాయి, చదివిపెట్టే మనిషిని ముందే చూసుకోండి. శ్రావణ అమావాస్యకు పోలా పండుగ, ఎడ్లను అలంకరించి ఊరేగిస్తారు. మీకు ఎడ్లు లేకపోయినా నన్నడిగితే ఆ రోజు ఊళ్లోనే ఉండండి, పరిచయాలు అప్పుడే అవుతాయి.