రంగు నీళ్లు తేటపడటం లేదా? కేటలిస్ట్‌ను తిట్టే ముందు ఇవి చూడండి

టైటానియం డయాక్సైడ్ పొడి (చర్యను వేగిరపరిచే కేటలిస్ట్ ఇదే) కలిపి, లైటు వేసి, డై నీళ్లను శుభ్రం చేసే ప్రయోగం తేడా కొడితే అందరూ ముందు పొడినే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు లైటుదో, కొలతదో అయి ఉంటుంది.

సమస్య: గంటలు గడిచినా రంగు తగ్గట్లేదు

ముందు ల్యాంపు చూడండి. అనటేస్ రకం పొడి పనిచేయాలంటే సుమారు 387 నానోమీటర్లకు లోపు కాంతి పడాలి. మామూలు తెల్ల ఎల్ఈడీలో అది దాదాపు ఉండదు. 365 నానోమీటర్ల యూవీ ల్యాంపు పెట్టండి, యూవీని ఆపే కళ్లద్దాలు మాత్రం మరవకండి.

ల్యాంపు సరైనదే అయితే డై చిక్కదనం చూడండి. రంగు ముదురుగా ఉంటే కాంతిని డైయే మింగేస్తుంది, పొడికి మిగలదు. లీటరుకు 10 మిల్లీగ్రాములకు పలచన చేసి చూడండి. పొడి గుమ్మరించినా లాభం లేదు. నీళ్లు పాలలా అయిపోయి వెలుతురు లోపలికి దిగదు. లీటరుకు అర గ్రాము, ఒక గ్రాము మధ్య మొదలుపెడితే చాలు.

సమస్య: లైటు వేసీ వేయగానే సగం రంగు మాయం

సంబరపడకండి. డై విరగలేదు, పొడికి అంటుకుంది. చీకట్లో కనీసం అరగంట కలిపి, నీళ్లలో రంగు ఎంతుందో చూపే రీడింగ్ నిలకడగా వచ్చాకే లైటు వేయండి. అక్కడి నుంచే లెక్క.

మిథిలీన్ బ్లూ అనే నీలి డై ఇంకో మోసం చేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ చాలకపోతే రంగులేని ల్యూకో రూపంలోకి మారుతుంది. శాంపిల్‌ను గాలి తగిలేలా బాగా కుదపండి. నీలం తిరిగొచ్చిందంటే డై అక్కడే ఉందన్నమాట. గాలి బుడగలు పంపుతూ మళ్లీ చేయండి. అసలు రంగు పోవడం ఒకటి, కాలుష్యం పోవడం ఇంకొకటి. రెండోది తేలాలంటే టీఓసీ పరీక్ష (నీళ్లలో మిగిలిన మొత్తం సేంద్రియ కార్బన్‌ను కొలిచేది) చేయించాల్సిందే.

సమస్య: మిథిలీన్ బ్లూకి పనిచేసింది, మిథైల్ ఆరెంజ్‌కి లేదు

పీహెచ్ కారణం కావచ్చు. పీహెచ్ సుమారు 6కి దిగువన పొడి ఉపరితలం ధనావేశంతో ఉండి, ఋణావేశమున్న మిథైల్ ఆరెంజ్‌ను లాక్కుంటుంది. కాస్త ఆమ్లం కలపండి. కాకపోతే ఆ డై ఆమ్లంలో తానే ఎర్రబడుతుంది, కాబట్టి కొలిచే ముందు శాంపిళ్లన్నిటి పీహెచ్ ఒకేలా ఉంచాలి.

సమస్య: రీడింగులు గెంతుతున్నాయి

శాంపిల్‌లో పొడి మిగిలింది. సెంట్రిఫ్యూజ్ చేయండి (వేగంగా తిప్పి పొడిని అడుక్కు దించండి), లేదా 0.22 మైక్రాన్ ఫిల్టర్ వాడండి. ఫిల్టర్ కూడా కొంత డైని పట్టేసుకుంటుంది, అందుకని మొదట దిగిన కాస్త పారబోసి తర్వాతిదే కొలవండి.