యాక్టివిటీ పెట్టాం, పీరియడ్ అయిపోయింది, పాఠం మాత్రం రాలేదు: ఆరు, ఏడు, ఎనిమిది చెప్పేవాళ్ళకి సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం వైపు యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూళ్ళలో యాక్టివిటీ చెడిందంటే అందరం ముందు సామాను మీదకే పోతాం. కిట్టు లేదు, చార్టుల్లేవు, ల్యాబ్ బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలీదు. సామాను లేక చెడిన యాక్టివిటీలు నిజానికి తక్కువే. పిల్లలు ఏం తేల్చాలో చెప్పకుండా వస్తువులు చేతికిచ్చేయడం వల్ల కొన్ని చెడతాయి, పుస్తకంలో రాసిన ఫలితం మన ఊళ్ళో, మన ఎండలో, మన కొట్లో దొరికే సరుకుతో అచ్చు అలాగే రాదన్న సంగతి ముందు చూసుకోకపోవడం వల్ల ఇంకొన్ని చెడతాయి. కింద ఉన్నవి దాదాపు అన్నీ ఈ రెండు రకాలే. వరసగా చదవక్కర్లేదు, మీ క్లాసులో కనబడుతున్న లక్షణం దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

ఇద్దరు చేస్తున్నారు, మిగతావాళ్ళు చూస్తున్నారు

గ్రూపుకి ఎనిమిది మంది, సామాను ఒక్క సెట్టు అయితే ఇంకోలా జరగదు. చురుకైనవాడు గ్లాసు పట్టుకుంటాడు, వాడి స్నేహితుడు నీళ్ళు పోస్తాడు, మిగతా ఆరుగురూ ముందు తొంగి చూసి, తర్వాత జుట్లు పట్టుకుంటారు. దాన్ని మనం క్రమశిక్షణ సమస్య అనుకుని కేకలేస్తాం.

గ్రూపుని నలుగురికి దించండి. సామాను సరిపోకపోతే సగం క్లాసుకి వేరే రాతపని ఇచ్చి, ఇరవై నిమిషాల తర్వాత మార్చండి. నలుగురిలో ఒకరు చేస్తారు, ఒకరు కొలిచి రాస్తారు, ఒకరు చివర్లో క్లాసుకి చెబుతారు, నాలుగోవాళ్ళ పని "నిజంగానా? మళ్ళీ చెయ్యి" అని అడగడం. ఈ నాలుగో పని మామూలుగా ఎవరూ ఇవ్వరు, కానీ నా లెక్కలో అదే ముఖ్యం, ఎందుకంటే వెనక బెంచీలో మాట్లాడని పిల్లకి కూడా అడిగే హక్కు దొరుకుతుంది. పాత్రలు ప్రతిసారీ మార్చాలి, లేకపోతే అమ్మాయిలు ఎప్పుడూ రాస్తూ, అబ్బాయిలు ఎప్పుడూ చేస్తూ ఉండిపోతారు.

గోల గురించి ఒక మాట. పక్క క్లాసు మాస్టారు గుమ్మంలోకి వచ్చి చూసినంత మాత్రాన యాక్టివిటీ ఆపకండి. ఏదో ఒక గ్రూపు దగ్గరికెళ్ళి "ఇప్పుడు ఏటి తేలుస్తున్నారు?" అని అడగండి. టక్కున చెప్పగలిగితే అది పని జరుగుతున్న చప్పుడే. నీళ్ళు నమిలితే మాత్రం తప్పు వాళ్ళది కాదు, బోర్డు మీద ప్రశ్న రాయలేదన్నమాట.

బాగా చేశారు, మర్నాడు అడిగితే ఏమీ గుర్తులేదు

గుర్తుంటుంది, కాకపోతే నురగ పొంగడం, బెలూను పేలడం గుర్తుంటాయి. అలా ఎందుకయిందో గుర్తుండదు. చెయ్యడానికి ముందు ఊహ రాయించకపోవడమే దీనికి కారణం. సామాను ముట్టుకునే ముందు "ఏమవుతుందనుకుంటున్నావు, ఎందుకు" అని నోట్సులో పెన్నుతో రెండు లైన్లు రాయించండి. పెన్సిల్ ఇస్తే ఫలితం చూశాక చెరిపేసి సరిచేసుకుంటారు. ఊహ తప్పినవాళ్ళకే పాఠం ఎక్కువ గుర్తుంటుంది కాబట్టి తప్పు ఊహకి మార్కులు కొయ్యకండి.

నిమ్మరసం వేసినా పసుపు కాగితం రంగు మారలేదు, పిల్లలు "ఆమ్లం కాదు" అని రాసేశారు

పసుపు క్షారాన్ని మాత్రమే పట్టిస్తుంది. సబ్బు నీళ్ళు, సున్నపు తేట తగిలితే ఎర్రబడుతుంది. ఆమ్లంలోనూ మంచినీళ్ళలోనూ పసుపుగానే ఉంటుంది. పిల్లలు చూసింది నిజం, రాసింది తప్పు. పుస్తకం చూసి సరిచేసుకోమనకండి. రెండో సూచిక ఇవ్వండి: ఎర్ర మందార రేకులు వేడినీళ్ళలో నానబెట్టిన రసం. ఇది ఆమ్లంలో ముదురు గులాబీ రంగుకి, క్షారంలో ఆకుపచ్చకి తిరుగుతుంది. అప్పుడు "పసుపు చెప్పలేనిది మందారం ఎలా చెప్పింది" అని అడిగితే ఏడో తరగతి పిల్లలు కూడా రెండు పరీక్షలు ఎందుకు కావాలో వాళ్ళంతట వాళ్ళే చెబుతారు.

మందారం కూడా పనిచెయ్యకపోతే మూడు చూడండి. చన్నీళ్ళలో నానబెట్టారా? రేకులు తక్కువయ్యాయా? రసం నిన్నటిదా? వేడినీళ్ళు, గుప్పెడు రేకులు, ఆ పూట తీసిన రసం ఉంటే చాలు.

బల్బు వెలగలేదు

ఇందులో సగం ఎలక్ట్రికల్ షాపువాడి పుణ్యం. పాత టార్చి బల్బు అడిగితే ఇప్పుడు చాలా కొట్లలో ఎల్ఈడీ ఇస్తున్నారు. పుస్తకంలో బొమ్మ ఒక సెల్లుతో ఉంటుంది, ఒక సెల్లు 1.5 వోల్టులు. ఎర్ర ఎల్ఈడీకి రెండు వోల్టుల దాకా, తెల్లదానికి మూడు వోల్టుల దాకా కావాలి. కాబట్టి కనెక్షన్ ఎంత సరిగ్గా ఇచ్చినా వెలగదు. రెండు సెల్లులు వరసగా కలపండి. అప్పటికీ వెలగకపోతే కాళ్ళు తిప్పి చూడండి, ఎల్ఈడీలో పొడవు కాలు ప్లస్ వైపే ఉండాలి. ఎర్రదానికి వంద ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి మధ్యలో పెడితే మాడదు.

అసలు టార్చి బల్బే పెట్టినా వెలగకపోతే తీగ చూడండి. పాత మోటారు లోంచి తీసిన రాగి తీగ మీద కనబడని పూత ఉంటుంది, చివర్లు బ్లేడుతో గీకాలి, ఆ పని మీరే చెయ్యండి. కరెంటు గోడ ప్లగ్గు దగ్గరికి మాత్రం ఏ పిల్లాడినీ పోనివ్వద్దు.

ఒక్కమాట, ఈ వెలగని బల్బు పీరియడ్ వృథా ఏమీ కాదు. ఒక సర్క్యూట్లో కావాలని ఒక తప్పు పెట్టి (వాడేసిన సెల్లు, గీకని తీగ, తిరగేసిన ఎల్ఈడీ) "కనిపెట్టండి" అని గ్రూపుకొకటి ఇస్తే, వెలిగే సర్క్యూట్ కన్నా దాని దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటారు.

నీడ పన్నెండింటికి పొట్టిగా రాలేదు, పైగా దక్షిణం వైపు పడింది

నాకు బాగా ఇష్టమైన చిక్కు ఇదే. మైదానంలో కర్ర పాతి గంట గంటకీ నీడ కొలవమంటాం. మిట్ట మధ్యాహ్నం నీడ అతి పొట్టిగా, ఉత్తరం వైపు ఉంటుందని చెప్పి పంపిస్తాం. పిల్లలు వేరేలా కొలిచి తెస్తే కొలత తప్పంటాం. చాలాసార్లు కొలత తప్పు కాదు.

ముందు నిజంగా తప్పులుండే చోటు చూడండి. కర్ర నిలువుగా ఉందా? దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే తెలిసిపోతుంది. నేల చదునుగా ఉందా? సిమెంటు వరండా అంచు, జెండా గద్దె అయితే మేలు. నీడ కొసని ప్రతిసారీ ఒకే పిల్ల గుర్తు పెట్టిందా? కొస మసకగా ఉంటుంది కాబట్టి మనిషి మారితే వేలెడు తేడా వచ్చేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తేడా వస్తే అది మన ఊరి లెక్క. గడియారం దేశమంతటికీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం పెట్టుకుని నడుస్తోంది, మనం దానికి తూర్పున, దాదాపు 83 నుంచి 84.7 మధ్య ఉన్నాం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తీరు వల్ల ఏడాది పొడవునా ఇంకొంత తేడా కలుస్తుంది. అందుకని నవంబరు మొదట్లో నీడ సుమారు 11:40కే అతి పొట్టిగా ఉంటుంది, ఫిబ్రవరి రెండో వారంలో 12:10 దగ్గర. 12 గంటలకి ఒక్కసారి కొలిచి ఊరుకుంటే అసలు విషయం జారిపోతుంది. పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా అయిదు నిమిషాలకోసారి గుర్తు పెట్టించండి.

దక్షిణం సంగతి ఇంకా బాగుంటుంది. మన జిల్లాలు కర్కట రేఖకి దక్షిణాన, సుమారు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి. మే మధ్య నుంచి జూలై ఆఖరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపు ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. బడి తెరిచేది జూన్‌లో కదా, ఆరో తరగతి పిల్లలు మొదటి నెలలోనే దీన్ని కళ్ళతో చూడొచ్చు. జూలై చివరి రోజుల్లో పన్నెండు ప్రాంతంలో మబ్బు లేకపోతే నిలువు కర్రకి నీడే ఉండదు. మబ్బు ఉండే నెలే అనుకోండి, అయినా కర్ర సిద్ధంగా పెట్టుకోవాలి.

పిల్లలు అప్పటికే విన్న అరసవల్లి సూర్యదేవాలయాన్ని ఇక్కడ కలపండి. మార్చి రెండో వారం దగ్గర ఒకసారి, అక్టోబరు మొదట్లో ఒకసారి ఉదయపు కిరణాలు స్వామి పాదాల మీద పడతాయని జిల్లాలో తెలియని పిల్లాడు ఉండడు. ఏడాదికి రెండుసార్లే ఎందుకు, ఆ రెండు తేదీల్లో సూర్యుడు ఉదయించే చోటు ఒకటేనా అని అడగండి. బడి ప్రహరీ మీద సూర్యుడు ఉదయించే చోటు వారానికోసారి సుద్దతో గుర్తు పెట్టించండి, జవాబు గోడ మీదే కనబడుతుంది.

ఉప్పు నీళ్ళు ఆరాయి, మర్నాటికి ఉప్పు మళ్ళీ చెమ్మగిల్లింది

సముద్రం దగ్గరి బళ్ళలో ఇగర్చడం పాఠానికి సముద్రపు నీళ్ళే తెస్తారు, మంచిదే. లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి, పిల్లలు తూచి చూడొచ్చు. చెమ్మకి కారణం ఆ లవణాల్లో వంట ఉప్పే కాకుండా మెగ్నీషియం లవణాలు కూడా ఉండటం, అవి గాలిలో తేమని లాగేస్తాయి. చేదుగా ఉండే ఆ చివరి ద్రవాన్ని ఉప్పు మడుల్లో బయటికి వదిలేస్తారు. మీరూ పూర్తిగా ఎండనివ్వకుండా గింజలు కట్టాక మిగిలిన కొంచెం నీటిని వంచేయండి. నౌపడ మడులు చూసిన పిల్లలుంటే వాళ్ళ చేత చెప్పించండి, మనకన్నా బాగా చెబుతారు. పళ్ళెంలో పల్చగా పోయండి, ఎండ కాసే నెలల్లో పెట్టుకోండి. ఆగస్టులో పెట్టి ఆరలేదంటే ఆరదు.

0.35 పెద్దదంటున్నారు, 0.5 చిన్నదంటున్నారు

35 అయిదుకన్నా పెద్దదని వాళ్ళ లెక్క. దీనికి రూపాయలు పైసలతో చెప్పడం అలవాటు, నాకు నచ్చదు. పైసలు ఈ పిల్లలు చూడనే లేదు, పైగా "ముప్పై అయిదు పైసలు, అయిదు పైసలు" అనుకుంటే తప్పు ఇంకా గట్టిపడుతుంది. టైలరు టేపు తీసుకోండి. 0.5 మీటరు ఎక్కడ, 0.35 మీటరు ఎక్కడ? గోడకి మీటరు పొడవు తాడు కట్టి, అంకెలు రాసిన చీటీలు క్లిప్పులతో పెట్టమంటే వాదన వాళ్ళల్లో వాళ్ళకే మొదలవుతుంది.

చుట్టుకొలత, వైశాల్యం కలిపేసేవాళ్ళకి సెంటు భూమి పనికొస్తుంది, ఇంట్లో రోజూ వినే మాట కదా. ఒక సెంటు దాదాపు 40 చదరపు మీటర్లు. మైదానంలో 8 మీటర్లకి 5, 10కి 4, 20కి 2 ముగ్గుతో గీయించండి. మూడూ సెంటు దగ్గరే, కంచె మాత్రం 26, 28, 44 మీటర్లు. కంచె ఖర్చు ఎవరికి ఎక్కువో అడిగాక సూత్రం చెప్పండి.

ఇంగ్లీషులో అడిగితే క్లాసంతా మౌనం

పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. ప్రయోగం చేసిన పిల్లాడిని "ఎక్స్‌ప్లెయిన్" అంటే ఆలోచించడం, మాట వెతుక్కోవడం రెండూ ఒకేసారి మీద పడతాయి. బోర్డుని మూడు నిలువు గడులు చేయండి. మొదటి గడిలో వాడు చెప్పింది చెప్పినట్టే రాయండి, "ఏడి తగిల్తే నీలు ఎగిరిపోనాయి" అన్నా సరే, నవ్వకండి, ఎవరినీ నవ్వనివ్వకండి. రెండో గడిలో పుస్తకం తెలుగు, మూడో దాంట్లో ఇంగ్లీషు, ఈ రెండూ క్లాసంతా కలిసి నింపాలి. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలుంటారు, కొండ దగ్గరి బళ్ళలో సవర గిరిజన పిల్లలుంటారు, వాళ్ళకి మొదటి గడి వాళ్ళ భాషలోనే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు కూడా బడిపంతులే, సవర నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు. మన జిల్లాలో ఇది కొత్త పద్ధతేమీ కాదు.

క్లాసులో డిజిటల్ ప్యానెల్ (పెద్ద తెర) పెడితే సినిమా చూసినట్టు చూస్తున్నారు

వీడియో పూర్తిగా వేస్తున్నారు కాబట్టి. రెండు నిమిషాలకి ఆపి "తర్వాత ఏమవుతుంది" అని అడగండి, లేదా శబ్దం తీసేసి పిల్లల చేత చెప్పించండి. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉన్న దీక్ష (ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక) వీడియోలు ముందురోజే డౌన్‌లోడ్ చేసి ఉంచుకుంటే నెట్టు పోయినా ఆగదు. కరెంటు పోతే బోర్డు ఉంది.

ప్రాజెక్టు మధ్యలో పిల్లలు మాయం

ఉద్దానంలో (శ్రీకాకుళం జిల్లా తీరం వైపు తోటల ప్రాంతం) జీడి సీజన్, ఊడ్పులు, సంక్రాంతి ముందూ వెనకా, విశాఖకో హైదరాబాదుకో పనికెళ్ళిన అమ్మానాన్నల వెంట పోవడం. కారణాలు మన చేతుల్లో లేవు, యాక్టివిటీ తీరు మాత్రం మన చేతుల్లో ఉంది. నెలరోజుల ప్రాజెక్టుని పీరియడ్‌కి ఒక ముక్క చొప్పున కొయ్యండి, ప్రతి ముక్కకీ అప్పటికప్పుడు ఒక ఫలితం ఉండాలి. గ్రూపుకొక నోట్సు గోడ మేకుకి వేలాడదీసి, ఏ రోజు ఏం చేశారో, ఎవరు చేశారో, ఏం తేలిందో, ఏం తేలలేదో రాయించండి. రాలేని పిల్ల తిరిగొచ్చిన రోజు మళ్ళీ మొదటి నుంచి చెప్పకండి. ఆ నోట్సు చేతికిచ్చి, చదివి గ్రూపుని మూడు ప్రశ్నలు అడగమనండి. వాళ్ళు జవాబు చెప్పలేని ప్రశ్న ఉంటే ఆ రోజు యాక్టివిటీ అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.